పట్టు

మా అమ్మాయి గురి తప్పుతోందంటే కళ్ళలో లోపమేమో అనుకుని డాక్టరుకు చూపించాం. కళ్ళు బాగానే ఉన్నాయి. జారుతున్నది చెయ్యి.

పది మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో పది పాయింట్లు తెచ్చే చుక్క అడ్డకొలత అర మిల్లీమీటరు. డెబ్భై అయిదు నిమిషాల్లో అరవై సార్లు ఆ చుక్కను వెతుక్కోవాలి. అరచెయ్యి వెంట్రుకవాసి జారినా ఆ చుక్క దక్కదు. మేం కొన్నది ఒక సీనియర్ షూటర్ చాలాకాలం వాడి అమ్మేసిన రైఫిల్. పిడికిలి పట్టే చోటా, చెంప ఆనించే చోటా చెమటకు పాత వార్నిష్ పొట్టు పొట్టుగా లేచిపోయింది.

దాని చెక్క భాగాన్ని స్టాక్ అంటారు. మాది లామినేటెడ్ స్టాక్. అంటే మిల్లీమీటరున్నర మందాన తీసిన చెక్క పొరలకు రంగులద్ది, జిగురుతో ఒకదాని మీద ఒకటి అతికించి, గట్టిగా ఒత్తి తయారుచేసిన దిమ్మను చెక్కి చేసినది. మామూలు చెక్క వానాకాలం ఉబ్బుతుంది, ఎండాకాలం వంకర పోతుంది. గురిపెట్టే తుపాకీకి అది ప్రాణగండం. ఈ పొరలు ఒకదాన్నొకటి కదలనివ్వవు. రెండో ప్రపంచయుద్ధం నాటి జర్మన్ మౌజర్ తుపాకులు చాలావాటికి ఇలాంటి చెక్కే ఉండేది. అయితే ఎంత గట్టి చెక్కయినా పైపూత పోయాక తేమకు లొంగుతుంది.

ఏ పూత వెయ్యాలన్నదాని మీద నెలరోజులు తల బద్దలుకొట్టుకున్నాను. చివరికి అద్దంలా మెరిసే పీయూ (పాలీయురెథేన్) పాలిష్ దగ్గర మనసు ఆగింది. బిడ్డ చేతిలో వస్తువు అందరికంటే అందంగా ఉండాలని ఏ తండ్రికుండదు?

మూసాపేట టింబర్ డిపోల వెనక సందులో ఒక పాలిష్ మేస్త్రీ ఉన్నాడని తెలిసినాయన చెప్పాడు. మరలు విప్పి, గొట్టం ఇంట్లోనే ఉంచి, చెక్క ఒక్కటే గుడ్డలో చుట్టుకుని అమ్మాయిని వెంటబెట్టుకుని వెళ్ళాను. అరవై దాటిన మనిషి. నలభై ఏళ్ళుగా తలుపులకూ మంచాలకూ లక్క పాలిష్ పెట్టిన చేతులు. స్టాక్‌ను అటూ ఇటూ తిప్పి, చెంపకు ఆనించుకుని, మెల్లగా రుద్ది చూశాడు. తర్వాత ముంజేతి లోపలివైపు ఆనించి చూశాడు.

"నా వేళ్ళకు తెల్వదు బిడ్డా, ఏడ గరుకున్నదో నువ్వు చెప్పు" అన్నాడు అమ్మాయితో. పిల్లను పనిలో కలుపుకుంటున్నాడని ముచ్చటపడ్డాను.

నా పీయూ సంగతి చెబితే కాదనలేదు, ఔననలేదు. భుజానికి ఆనే బట్ ప్లేట్ విప్పి, దాని కింద కనబడకుండా పోయే చోట నాలుగు గళ్ళు గీశాడు. ఒకదాంట్లో లక్క, ఒకదాంట్లో మెరిసే పీయూ, ఒకదాంట్లో మెరవని పీయూ, ఒకదాంట్లో అవిసె నూనె. నాలుగూ ఆరాక, ఒక రాత్రంతా తడిగుడ్డ కప్పి ఉంచాడు. పొద్దున చూస్తే లక్క గడి పాలవిరుగుడులా తెల్లబడింది. జీవితమంతా తనకు అన్నం పెట్టిన పూత అది. దాన్ని ముందుగా పక్కకు పెట్టింది ఆయనే.

"లక్క తలుపుకు మంచిది సార్. చెమటకు ఆగదు. నూనెను చెక్క తాగుతది గానీ, నడుమల జిగురు తాగదు. ఊకె పూసి వదిలేస్తే మరకలు మరకలయితది. దండిగ పూసి, అరగంటాగి, ఉన్నదంతా తుడిచెయ్యాలె. గట్ల మూడు నాలుగు సార్లు."

"మరి మెరిసే పీయూ?"

అమ్మాయి అరచేతిలో రెండు నీటిచుక్కలు వేసి, ఆ గడి మీద వేళ్ళు పెట్టమన్నాడు. సర్రున జారాయి. నూనె గడి మీద పెట్టమన్నాడు. ఆగాయి.

"చూసెటోళ్ళకు మెరుపు కావాలె. పట్టెటోళ్ళకు గరుకు కావాలె. నున్నగైతే ఏదీ పట్టదు సార్."

నేనింక మాట్లాడలేదు. ముందుభాగానికీ వెనకభాగానికీ తేమ చొరకుండా మెరవని పీయూ, పిడికిలి పట్టే చోట మాత్రం నూనె అని తేలింది. మిగతా చెక్కంతా 400 నెంబరు గరుకు కాగితం దాకా రుద్దినవాడు, పిడికిలి దగ్గర 220తోనే ఆపేశాడు. ఇంకొక్కసారి రుద్దినా చెడిపోతుందన్నాడు. నూనె తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడెయ్యకుండా విడివిడిగా తీగమీద ఆరేశాడు. ఉండగా ఉంటే వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయట. ఒక పిడికిలంత చెక్క కోసం ఒక మనిషి ఇంత ఆలోచిస్తాడని నాకంతవరకూ తెలియదు. అలాంటి పనివాడికి ఎంతిచ్చినా తక్కువేనని నా నమ్మకం.

పదిహేను రోజులకు స్టాక్ చేతికొచ్చింది. అమ్మాయి దాన్ని పట్టుకుని చాలాసేపు వదల్లేదు. ఆ వారమే గుళ్ళు చుక్క చుట్టూ దగ్గర దగ్గరగా పడటం మొదలయింది.

బాకీ డబ్బులివ్వడానికి వెళితే కొట్టు మూసి ఉంది. రేషన్ షాపుకు పోయాడని పక్క కొట్టు కుర్రాడు చెప్పాడు. నాలుగడుగులే కదా అని వెళ్ళాను. వరసలో ఆయన వంతే నడుస్తోంది. మిషన్ మీద బొటనవేలు పెట్టాడు. ఎర్రలైటు. వేలిని లుంగీకి తుడుచుకుని మళ్ళీ పెట్టాడు. ఎర్రలైటు. చూపుడువేలు, మధ్యవేలు, ఎడమచేతి వేళ్ళు. పదీ అయ్యాయి. కళ్ళు చూసే మిషన్ ఖరాబయిందట.

డీలరు ఆయన చెయ్యి పట్టుకుని వెలుతురుకు తిప్పాడు.

"గీతలే లేవు పెద్దాయనా. మొత్తం అరిగిపోయి నున్నగున్నయ్. మిషన్ పడతలేదు. వచ్చే నెల చూద్దాం."

మేస్త్రీ ఏమీ అనలేదు. ఖాళీ సంచిని మడిచి చంకలో పెట్టుకుని, వెనకున్నవాళ్ళకు దారిచ్చాడు. నన్ను చూసి నవ్వి, "బిడ్డకు పట్టు దొరికిందా సార్?" అని అడిగాడు.

ఆ నెల బియ్యానికి అదే ఆఖరి రోజు.