ముప్పై సెకన్ల స్టారు

బాస్కెట్‌బాల్ గురించి రాయడానికి నాకున్న అర్హత ఒక్కటే. డిగ్రీ మూడేళ్లూ నేను కాలేజీ టీములో ఉన్నాను. ఉన్నాను అన్నాను గాని ఆడాను అనలేదు, గమనించండి. ఆడేది ఐదుగురే అయినా పన్నెండు మందిని రాసుకుంటారు. ఆ పన్నెండో పేరు నాది. అందరి వాచీలు, పర్సులు, ఒకరిద్దరి కళ్లజోళ్లు నా కాపలాలో ఉండేవి. ఒక్కటీ పోలేదు. కోర్టులో ఉన్నవాడికి తన ఎదురుగా ఉన్నదే కనబడుతుంది, బెంచీ మీదున్నవాడికి ఆటంతా కనబడుతుంది. కాబట్టి మా టీము స్టారు గురించి రాసే హక్కు నాకున్నంత అతనికి కూడా లేదు.

పేరు మాత్రం రాయను. రాస్తే రేప్పొద్దున హనుమకొండలో అదాలత్ దగ్గర చాయ్ తాగుతుండగా పట్టుకుంటాడు.

మేం ఆడేనాటికి, అంటే వాళ్లు ఆడేనాటికి, బంతి చేతికొచ్చిన జట్టు ముప్పై సెకన్లలోపు రింగు మీదికి వెయ్యాలని రూలు. అందులో ఇరవై సెకన్లు బంతి మావాడి చేతిలో ఉండేది. మిగతా పది సెకన్లు కూడా మావాడిదే, కాకపోతే గాల్లో ఉండేది. 2000లో అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సంఘం ఫీబా ఈ ముప్పైని 24 సెకన్లకు తగ్గించింది. మావాడు తన వాటా ముట్టుకోకుండా, ఆ ఆరు సెకన్లూ మిగతా నలుగురి ఖాతాలోంచి కోసేశాడు. మూడు పాయింట్ల గీత మీద మాత్రం అతనికి నిజంగానే కోపం ఉంది. 1984లో ఫీబా ఆ గీత తెచ్చినప్పుడు అది రింగుకు 6.25 మీటర్ల దూరంలో ఉండేది. మావాడు చెయ్యి తిప్పుకున్నది ఆ దూరానికే. 2010లో దాన్ని 6.75 మీటర్లకు జరిపారు. ఎక్కడో స్విట్జర్లాండులో కూర్చున్న పెద్దలు తన మోకాళ్ల పరిస్థితి తెలుసుకునే ఈ పని చేశారని అతని నమ్మకం.

ఇదంతా ఇప్పుడెందుకంటే, మావాడు మళ్లీ గ్రౌండుకు వస్తున్నాడు. డాక్టరు షుగరు చూసి రోజూ నడవమన్నాడట. ఒట్టినే నడవడం స్టారుకు నామోషీ. సుబేదారి వైపు ఒక గ్రౌండులో పొద్దున్నే పిల్లలు బాస్కెట్‌బాల్ ఆడుతుంటారు. పరకాల, ములుగు, హుజూరాబాద్ దిక్కు నుంచి చదువులకొచ్చి నయీంనగర్ హాస్టళ్లలో ఉండే డిగ్రీ, బీటెక్ పిల్లలు. వాళ్లలో కలిశాడు. వారం తిరక్కముందే నాకు ఫోను.

“రారా, టీము తయారు జేస్తున్న.”

“నేనొచ్చి ఏం జెయ్యాలె?”

“ఎప్పుడేం జేసినవో గదే.”

వెళ్లాను. బెంచీ బాగానే ఉంది, సిమెంటుది.

హనుమకొండ ఆటలు తెలియని ఊరేం కాదు. 2021 సెప్టెంబరులో మన జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ జరిగినప్పుడు హర్మిలన్ బెయిన్స్ 1500 మీటర్లు 4 నిమిషాల 5.39 సెకన్లలో పరుగెత్తింది. సునీతా రాణి 2002 నుంచి ఎవరికీ ఇవ్వకుండా దాచుకున్న జాతీయ రికార్డు ఆ పరుగుతో చేతులు మారింది. పర్వతగిరి మండలం కల్లెడ అమ్మాయి దీప్తి జీవంజి 2024లో పారిస్ పారాలింపిక్స్‌కు వెళ్లి 400 మీటర్లలో కాంస్యం తెచ్చింది. వీళ్ల పేరెత్తితే చాలు, మావాడు నిట్టూరుస్తాడు. “వాళ్లకేందిరా! ఎవరి లైన్ల వాళ్లు ఉరుకుతరు. పక్కోనికి పాస్ ఇచ్చుడు లేదు, వాడు కిందేసుకునుడు లేదు.” 1500 మీటర్లలో ఎవరి లైను వారికి ఉండదని చెప్పబోయి ఊరుకున్నాను. బాధలో ఉన్నవాడితో రూల్సు మాట్లాడకూడదు.

బాధ ఎక్కడ మొదలైందంటే, లేఅప్ దగ్గర, అంటే రింగు దాకా వెళ్లి బంతిని అందించి వేసే దగ్గర. మావాడి లేఅప్ ఇప్పటికీ చూడముచ్చటే. బంతి అరచేతికి అంటదు, వేళ్ల కొసల మీదే నిలబడుతుంది. మణికట్టు చివర్లో ఒక్కసారి మెత్తగా వంగుతుంది. బంతి బోర్డు మీద గీసిన చతురస్రం పైమూలకు తగిలి, చప్పుడు లేకుండా వలలోకి దిగుతుంది. పిల్లలు నోళ్లు తెరిచి చూశారు. “అన్నా, ఎట్లేసినవ్?” అన్నారు. “ఇట్ల” అని మళ్లీ వేశాడు. “ఇట్లంటే?” “ఇట్లరా బై” అని మరోసారి వేశాడు. అప్పుడు ఒక బక్కపిల్లగాడు, పరకాల దిక్కువాడు, అడిగాడు కదా: “అన్నా, ఏ కాలు మీద లేవాలె?”

మావాడు ఆగిపోయాడు. తన కాళ్ల వైపు చూసుకున్నాడు, అవి ఎవరివో అన్నట్టు. కుడిచేత్తో వేసే లేఅప్‌కు ముందు కుడికాలు, తర్వాత ఎడమకాలు పడతాయి, ఎడమకాలి మీద లేవాలి. ఈ సంగతి మావాడి ఒంటికి తెలుసు, మావాడికి తెలియదు. ఆలోచిస్తూ వెళ్లి, రెండు కాళ్ల మీదా ఒకేసారి లేచి, బంతిని బోర్డు వెనక్కి వేశాడు. ఆ రోజు మరి లేఅప్ పడలేదు. బక్కోడు మాత్రం పక్కకెళ్లి కుడి, ఎడమ, కుడి, ఎడమ అని గొణుక్కుంటూ వేసుకుంటున్నాడు.

చేత్తో చెప్పలేనిది నోటితో చెబుదామని మావాడు వాట్సాప్ గ్రూపు పెట్టాడు. పొద్దున ఐదింటికి సూర్యోదయం బొమ్మ, రాత్రి పదింటికి వాయిస్ మెసేజి. ఒక్కోటీ బస్సులో కాజీపేట నుంచి హనుమకొండ చౌరస్తా చేరేదాకా వస్తుంది. అన్నిటికీ పిల్లలు చేతులు జోడించిన బొమ్మ పెట్టేవారు. నాకు తెలిసినంతలో వాటిని విన్నది నేనొక్కడినే, అదీ అలవాటు కొద్దీ.

తర్వాత మైకేల్ జోర్డాన్ వచ్చాడు. మావాడు లాక్‌డౌన్ రోజుల్లో అతని మీద తీసిన ‘ది లాస్ట్ డాన్స్’ చూశాడు. పది ఎపిసోడ్లు చూసి అతను నేర్చుకున్నదేమంటే, గొప్పవాడు తోటివాళ్లను తిట్టవచ్చు. 1986 ఏప్రిల్‌లో బోస్టన్ మీద జోర్డాన్ ఒక్కడే 63 పాయింట్లు కొట్టిన వైనాన్ని పిల్లల్ని గుండ్రంగా కూర్చోబెట్టి చెప్పాడు. ప్లేఆఫ్ మ్యాచుల్లో ఇప్పటికీ అదే రికార్డని చెప్పి ఆపాడు. ఆ మ్యాచ్‌లో జోర్డాన్ జట్టు షికాగో 135–131తో ఓడిపోయిందన్న మిగతా సగం బెంచీ వైపు నుంచి నేను అందించాను. ఫిల్ జాక్సన్ కోచ్‌గా వచ్చి బంతి అయిదుగురి మధ్యా తిరిగే పద్ధతి పెట్టాకే కదా, 1991లో లేకర్స్ మీద ఆఖరి మ్యాచ్‌లో తన మీద ఇద్దరు ముగ్గురు పడుతుంటే జోర్డాన్ పాస్ ఇవ్వడం, ఖాళీగా ఉన్న జాన్ పాక్సన్ వెయ్యడం. మొదటి టైటిల్ అట్లా వచ్చింది. 1995లో ప్రాక్టీసులో జోర్డాన్ స్టీవ్ కెర్ మొహం మీద ఒక్కటి గుద్దాడు. 1997 ఫైనల్స్‌లో యూటా మీద స్కోరు సమంగా ఉన్నప్పుడు అదే కెర్‌కు పాస్ ఇచ్చాడు, కెర్ వేశాడు, కప్పు వచ్చింది.

పిల్లలు శ్రద్ధగా విన్నారు. బక్కోడు చెయ్యెత్తాడు. “అన్నా, ఇయ్యాల గుద్దుడా, పాస్ ఇచ్చుడా? ఏదో ఒకటి జెప్తే రెడీగుంటం.”

సరే, తిట్టే రకం కాని వాళ్లను చూద్దామని నేను మిథాలీ రాజ్ సంగతి ఎత్తాను. 2017 మహిళల క్రికెట్ ప్రపంచకప్పులో ఇంగ్లండ్‌తో మొదటి మ్యాచ్. ప్యాడ్లు కట్టుకుని తన వంతు కోసం కూర్చుని, మన హైదరాబాదు కెప్టెన్ రూమీ పుస్తకం చదువుకుంటోంది. తర్వాత వెళ్లి 71 కొట్టింది. ఆ మ్యాచ్‌లో ఓపెనరు స్మృతి మంధాన. 1999లో మిథాలీ తన మొదటి వన్డేలోనే సెంచరీ కొట్టేనాటికి ఈ అమ్మాయికి మూడేళ్లు కూడా నిండలేదు. వయసులో అంత తేడా ఉన్న పిల్లలకు, నిమ్మళంగా పుస్తకం చదువుకునే కెప్టెన్ కనబడటమే సగం ధైర్యం అని నా అభిప్రాయం. మావాడికి నచ్చింది. మర్నాడే తానూ ఒక పుస్తకం తెచ్చుకుని కూర్చున్నాడు. ఇంట్లో చేతికందింది వాళ్లబ్బాయి ఇంటర్ సెకండియర్ ఫిజిక్స్. ఎక్కడ తమను ప్రశ్నలడుగుతాడోనని ఆ పూట పిల్లలెవరికీ బంతి రింగును తాకలేదు.

ఈ చదువంతా అయ్యాక దసరా ముందు ఒక చిన్న టోర్నమెంటుకు వెళ్లాం. నిమిషం మిగిలింది, ఒక్క పాయింటు వెనకబడి ఉన్నాం. బంతి మావాడి చేతిలో. అవతలి జట్టుకు మావాడి చరిత్ర తెలుసు కాబట్టి ఇద్దరు వచ్చి మీద పడ్డారు. రింగు కింద బక్కోడు ఖాళీగా ఉన్నాడు. అప్పుడు చూశాను, నా జన్మలో చూస్తాననుకోనిది. మావాడు పాస్ ఇచ్చాడు! బక్కోడు హడలిపోయి బంతిని తిరిగి మావాడికే ఇచ్చాడు. మావాడు మళ్లీ ఇచ్చాడు. వాడు మళ్లీ ఇచ్చాడు. హోటల్ బిల్లు దగ్గర బావా బావమరుదుల్లాగా నువ్వంటే నువ్వని ఇద్దరూ మర్యాదలు చేసుకుంటుండగా 24 సెకన్లు అయిపోయాయి. టేబుల్ దగ్గర విజిల్ పడింది.

తిడతాడనుకున్నాం, తిట్టలేదు. తిరిగొచ్చేటప్పుడు నక్కలగుట్టలో అందరికీ మిర్చీ బజ్జీలు ఇప్పించి, బక్కోణ్ణి అడిగాడు. “ఎందుకురా నాకిచ్చినవ్? రింగు నీ నెత్తిమీదనే ఉండె గదా.”

“బాల్ నీదే అనుకున్న అన్నా.”

మావాడు బజ్జీ పక్కన పెట్టేశాడు. అతను బజ్జీ పక్కన పెట్టడం నేను చూసింది అదే మొదలు.

ఇంటికి నడుస్తూ నేను నైస్మిత్ సంగతి చెప్పాను. బెంచీ మీద కూర్చునేవాడికి ఇలాంటివి చదివే తీరిక ఉంటుంది. 1891 డిసెంబరులో అమెరికాలో స్ప్రింగ్‌ఫీల్డ్ అనే ఊళ్లో జేమ్స్ నైస్మిత్ అనే వ్యాయామ ఉపాధ్యాయుడు, చలికాలంలో గది లోపల కుర్రాళ్లకు ఏదో ఒక వ్యాపకం ఉండాలని, పీచ్ పళ్లబుట్టలు రెండు బాల్కనీ రెయిలింగుకు కొట్టించి ఈ ఆట మొదలుపెట్టాడు. అతను రాసిన రూల్సు పదమూడు. వాటిలో ఒకటి, బంతి పట్టుకుని పరుగెత్తరాదని. పట్టిన చోటునుంచే విసరాలి. డ్రిబ్లింగ్ తర్వాత వచ్చిన సంగతి. అంటే ఆట పుట్టినప్పుడు బంతి ముందుకు పోవాలంటే పాస్ తప్ప దారే లేదు.

మావాడు అంతా విని అడిగాడు. “ఆ మ్యాచ్‌ల స్కోరెంత?”

“ఒకటి – సున్నా.”

“అదీ సంగతి!”

అన్నాడే గాని, మర్నాడు పొద్దున గ్రౌండులో కొత్త రూలు పెట్టాడు. తను నైస్మిత్ రూలు ప్రకారం ఆడతాడు, పిల్లలు ఇప్పటి రూలు ప్రకారం. తను బంతి అందుకున్న చోటే నిలబడాలి, డ్రిబ్లింగ్ లేదు, రింగు మీదికి వెయ్యడం కూడా లేదు. సిగరెట్టు మానేసిన వాళ్లను చూశాను గాని ఇంత అవస్థ పడ్డవాణ్ణి చూడలేదు. చెయ్యి తనంతట తానే బంతిని నేలకు కొట్టబోయేది, రెండో చెయ్యి పట్టుకుని ఆపేది. బంతి ఎవరికో ఒకరికి ఇవ్వక తప్పదు. ఇవ్వాలంటే పిలవాలి. అక్కడ బయటపడింది అసలు చిక్కు. మావాడికి పిల్లల పేర్లు తెలియవు.

అన్నాళ్లూ పొట్టోడా, బక్కోడా, ఎర్రంగీ అని నడిపించాడు. ఆ రోజు ఖర్మ కొద్దీ టోర్నమెంటులో ఇచ్చిన తెల్లంగీలు అందరూ వేసుకొచ్చారు. “ఏయ్... నువ్వు... వాడు...” అంటూ బంతి పట్టుకుని కోర్టు మధ్యలో దారి తప్పిన చుట్టంలా నిలబడ్డాడు. ఆట ఆపి, నా దగ్గరికొచ్చి, చిన్న గొంతుతో అడిగాడు. “వీళ్ల పేర్లేందిరా?” పన్నెండు పేర్లూ చెప్పాను. ఎవరిది ఏ ఊరు, ఎవడు ఎడమచేతివాటం, ఎవడికి కుడివైపు నుంచి వేస్తే పడుతుంది, ఎవడు బ్యాక్‌లాగ్స్ దిగులుతో ఉన్నాడు, అన్నీ చెప్పాను. ఫోనులో రాసుకున్నాడు. స్టారు నన్ను ఆట గురించి అడిగిన మొదటి ప్రశ్న అది. నేను కొంచెం నిటారుగా కూర్చున్నాను.

పేర్లు వచ్చాక గొంతు వచ్చింది. డిఫెన్స్‌లో ఎదుటివాడు స్క్రీన్ పెడుతుంటే, అంటే మనవాడి దారికి అడ్డంగా నిలబడుతుంటే, ఆ స్క్రీన్ తగలబోయేవాడికి వెనక ఏముందో కనబడదు. కనబడేది వెనకున్న మనవాడికే. వాడు పేరుపెట్టి “ఎడమకు స్క్రీన్!” అనో “స్విచ్!” అనో అరవాలి. పేరు లేకుండా అరిస్తే ఐదుగురూ తిరిగి చూస్తారు, ఎదుటివాడు హాయిగా వేసుకుపోతాడు. మావాడు కాళ్లతో చేరలేని చోటికి గొంతుతో చేరడం నేర్చాడు. అంత పొడుగు వాయిస్ మెసేజిలు రెండు మాటలకు తగ్గాయి. పిల్లలకు అవి వినబడ్డాయి.

సంక్రాంతి సెలవుల తర్వాత ఇంకో మ్యాచ్. మావాడు బాగానే పంచాడు, బాగానే అరిచాడు, మోకాళ్లు మాత్రం సహకరించలేదు. ఎదుటి కుర్రాణ్ణి అందుకోలేక చెయ్యి అడ్డుపెట్టి ఐదో ఫౌల్ చేశాడు. ఐదు ఫౌళ్లయితే బయటికే. వచ్చి నా పక్కన కూర్చున్నాడు. కూర్చోవడం చాతకాదు కదా, లేచాడు. గీత దాకా వెళ్లాడు. అంపైర్ సారు ఒకసారి వేలు చూపి హెచ్చరించాడు. వెనక్కి లాగాను. ఒక్క పాయింటు ఆధిక్యంలో ఉన్నాం, ఆఖరి నిమిషం. మావాడు మళ్లీ లేచి, ఒక కాలు కోర్టులో పెట్టి, బక్కోణ్ణి పేరుపెట్టి పిలుస్తూ ఎడమకు, కుడికి, వెనక్కి అని మూడు దిక్కులూ ఒకేసారి చూపించాడు. టెక్నికల్ ఫౌల్ పడింది. అవతలివాళ్లకు ఒక ఫ్రీ త్రో. అదృష్టం, అది రింగు మీద రెండుసార్లు ఎగిరి బయటికి పోయింది.

ఆట మళ్లీ మొదలయ్యేలోపు బక్కోడు చెమట తుడుచుకుంటూ బెంచీ దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. మావాడి భుజం మీద చెయ్యి వేసి, మెల్లగా కూర్చోబెట్టి అన్నాడు: “అన్నా, నువ్వు జెర కూసో. చెప్పాల్సిందంతా గ్రూపుల వాయిస్ మెసేజ్ పెట్టు. రాత్రికి మంచిగ ఇంటం.”