పుస్తకాల జాబితా గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ప్రైవేటు బడి పుస్తకాల జాబితా గారి సముఖానికి,

కోనసీమకు కలెక్టరు గారున్నారు, విద్యాశాఖాధికారి గారున్నారు. కానీ జూన్ వస్తే అమలాపురంలోనైనా, రాజోలులోనైనా, కొత్తపేటలోనైనా అమ్మానాన్నల చేత డబ్బు తీయించేది తమరే. అందుకే ఈ మొర తమరికి. బడి సామాను ఖర్చు పెరిగిందంటే కాగితం ధరనో గుడ్డ ధరనో తప్పుపడతారు. నాకది సగమే నిజమనిపిస్తుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి నోటు పుస్తకాలు, పెన్సిళ్లు, రబ్బర్ల మీద జీఎస్టీ ఎత్తేశారు. అచ్చు పుస్తకాల మీద అంతకుముందే లేదు. నాలుగు కొట్లు తిరిగి బేరమాడేవాడికి ఆ తగ్గింపు దక్కుతుంది. బడి పేరు అచ్చేసిన నోటుబుక్కు చెప్పిన చోటే కొనాలంటే, తగ్గిందా లేదా అని అడగడానికి ఇంకో కొట్టేదీ?

అసలు బరువు వస్తువుది కాదు, పోయిన ఎంపికది. ఒకప్పుడు పై తరగతికి వెళ్లిన పిల్లాడి పుస్తకాలు సగం ధరకో, ఊరికేనో పక్కింటి పిల్లకు చేరేవి. ఇప్పుడు ఖాళీలు పూరించడం, జతపరచడం అన్నీ పాఠ్యపుస్తకంలోనే రాయిస్తారు. ఏడాది తిరిగేసరికి అది చిత్తుకాగితం. అన్ని సబ్జెక్టులూ కలిపి టర్ముకో బైండు కుట్టేస్తే, చిరిగిన లెక్కల పుస్తకం ఒక్కటే కొనుక్కునే వీలుండదు. చొక్కా జేబు మీద చిహ్నం కుట్టాక ఆ చొక్కా బజారులో దొరకదు. అంబాజీపేటలో కొబ్బరికాయ అమ్ముకునే రైతు ధర చెప్పలేడు. కొడుకు సంచీ కొనేటప్పుడూ చెప్పలేడు. పైగా తమరు వేంచేసేది కాలువకు నీళ్లొచ్చి సార్వా నారుమళ్లకు పెట్టుబడి వెతుక్కునే రోజుల్లో. 2011లో గిట్టుబాటు కాక ఈ సీమ రైతులు పంట విరామం ప్రకటించారు. చదువుకు విరామం ప్రకటించగల తండ్రి ఎవరు?

ఇష్టం లేకపోతే సర్కారు బడికి పొమ్మని తమరి తరఫువాళ్లు అంటారు. అక్కడ సంచీ, బూట్లు, బెల్టు, యూనిఫాం గుడ్డ, పుస్తకాలు ఉచితమే. 2020లో విద్యాకానుకగా మొదలైనది ఇప్పుడు సర్వేపల్లి రాధాకృష్ణన్ విద్యార్థి మిత్ర కిట్టు. మంచి పథకమే. అయితే బడిని ఎంచుకున్నవాడు చదువు చెప్పే తీరు చూసి ఎంచుకున్నాడు, దానితోపాటు కొట్టును ఎంచుకునే హక్కునూ రాసివ్వలేదు. సర్కారు ఇచ్చే తల్లికి వందనం డబ్బుందిగా అంటారు. నిజమే, 2025 జూన్‌లో ప్రైవేటు బడి పిల్లల తల్లుల ఖాతాల్లోనూ 13,000 రూపాయల చొప్పున పడ్డాయి. అది చదువు కోసం ఇచ్చినది, తమరి ధరలకు జామీను కాదు. ఒకే దుస్తులుంటే పేదా గొప్పా తేడా కనపడదన్న వాదన మాత్రం గట్టిది, ఒప్పుకుంటాను. దానికి రంగు ఒకటైతే చాలు, దుకాణం ఒకటి కానక్కర్లేదు. బడులు పుస్తకాలు, దుస్తులు అమ్మే వ్యాపారం మానాలని సీబీఎస్‌ఈ 2017 ఏప్రిల్‌లోనే తన బడులకు రాసింది. రాష్ట్ర సిలబస్ బడులకూ ఆ బుద్ధి నిషిద్ధమేమీ కాదు.

కాబట్టి తమరు ఏప్రిల్‌లోనే, ధరలతో సహా, బడి గేటు మీద దర్శనమివ్వండి. ఒకసారి పెట్టిన పుస్తకాన్ని మూడేళ్లు మార్చకండి. జవాబులు నోటుబుక్కులో రాయించండి. చిహ్నాన్ని విడి బ్యాడ్జీగా అమ్మితే, చొక్కా సంగతి ఊళ్లో దర్జీ చూసుకుంటాడు.

ఇట్లు,
తమరి ఆజ్ఞాబద్ధుల్లో ఒకడు