నేను నోకియా 1100ని

నేను నోకియా 1100ని. 2003లో బజారులోకి వచ్చాను. నా రూపంలో 25 కోట్లకు పైగా ఫోన్లు అమ్ముడయ్యాయి కాబట్టి, మీ ఇంట్లో ఏ సొరుగులోనో నా తోబుట్టువు ఒకటి ఇంకా ఉండే ఉంటుంది. నలుపు తెలుపు తెర, దుమ్ము చొరబడని రబ్బరు మీటలు, నెత్తిన టార్చి: నా ఆస్తి ఇంతే. నన్ను బటన్ ఫోన్ అనీ, తర్వాత వచ్చినవాటిని టచ్ ఫోన్లనీ జనం విడదీశారు. పైపై రూపం చూసి చేసిన ఆ పంపకం నాకు ఒప్పుకోబుద్ధి కాదు.

నేను పుట్టిన ఏడాదే మా కంపెనీలోనే నోకియా 6600 కూడా పుట్టింది. దానికీ నాలాగే అంకెల మీటలు. తెర మీద ఎంత రుద్దినా ఉలుకూ పలుకూ ఉండదు. అయినా అది స్మార్ట్‌ఫోనే. అందులో సింబియన్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఉంది. నోకియాతో ఏ సంబంధమూ లేని ప్రోగ్రామరెవరో ఒక నిఘంటువో, కొత్త ప్లేయరో రాస్తే, ఆ ఫైలును బ్లూటూత్‌లో తెచ్చుకుని ఎక్కించుకోవచ్చు. ఎక్కిన ప్రోగ్రాము ఫోన్‌బుక్కు తెరవగలదు, మీరు వేరే పనిలో ఉన్నా వెనకాల నడుస్తూ ఉండగలదు. ఆరేళ్ల తర్వాత, 2009లో, సామ్‌సంగ్ కార్బీ వచ్చింది. కుర్రకారు మోజుపడ్డ టచ్ ఫోన్ అది, పనంతా వేలి కొసతోనే. లోపల మాత్రం నా వంశమే. కంపెనీ ఏం పెట్టి పంపిందో దాదాపు అదే దాని బతుకు. ఫ్యాక్టరీ గేటు దాటాక, తయారుచేసినవాళ్లు ఊహించని పనిని, వాళ్లకు ముక్కూమొహం తెలియనివాళ్ల దగ్గర ఫోను నేర్చుకోగలదా లేదా? నేను చూసే తేడా ఇదొక్కటే.

ఇంగ్లిషు అక్షరాల్లో ‘అమ్మ’ అని నా మీద కొట్టాలంటే 2 ఒకసారి, 6 ఒకసారి, కర్సరు కదిలేదాకా ఆగి మళ్లీ 6, చివర 2. రెండు ఎమ్‌లూ ఒకే మీట మీద ఉన్నాయి కాబట్టి ఆ ఆగడం తప్పదు. తెలుగులోనే రాయాలంటారా, ఫ్యాక్టరీలో పెట్టని లిపిని తర్వాత మీరు నాలోకి తెచ్చుకోలేరు. ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ తొలిరోజుల్లో తెలుగు పేజీ తెరిస్తే అక్షరాల చోట డబ్బాలు కనిపించేవి. తర్వాతి వెర్షన్లలో ఆ డబ్బాలు అక్షరాలయ్యాయి, ఎవరెవరో రాసిన తెలుగు కీబోర్డులు వచ్చి చేరాయి. ఇంతకన్నా గట్టి సాక్ష్యం ఐఫోన్‌ది. 2007 జూన్‌లో అమ్మకానికి వచ్చినప్పుడు అందులో బయటివాళ్ల యాప్‌లు ఎక్కించే దారే ఇవ్వలేదు, బ్రౌజరులో నడిచేవాటితో సరిపెట్టుకోమన్నారు. 2008 జులైలో యాప్ స్టోర్ సుమారు 500 యాప్‌లతో మొదలైంది, పాత ఐఫోన్లకూ అప్‌డేట్ అందింది. ఒక్క మర కూడా విప్పకుండా అదే ఫోను అప్పుడు స్మార్ట్‌ఫోన్ అయింది. అంతకుముందు ఏడాదంతా, ఎంత సొగసుగా ఉన్నా, అది నాకే దగ్గర బంధువు. ఈ మాటకు కోపం వచ్చేవాళ్లుంటే రానివ్వండి.

బటన్ ఫోన్లలోనూ జావా ఆటలు దించుకునేవాళ్లం కదా అని మీరు అడగవచ్చు. నిజమే. కానీ తొలినాటి జావా ప్రోగ్రామును ఫోను అరుగు మీదే కూర్చోబెట్టింది, లోపలి గదుల్లోకి రానివ్వలేదు. ఫోన్‌బుక్కు కూడా దానికి అందేది కాదు. 2017లో వచ్చిన జియోఫోన్ సంగతి వేరు. మీటలున్నా కాయ్‌ఓఎస్ మీద నడుస్తుంది, మరుసటి ఏడాది వాట్సాప్ కూడా వచ్చి చేరింది. దాన్ని స్మార్ట్‌ఫోన్ల వైపే లెక్కేస్తాను. గీత అంత సన్నగా ఉండదని అదే రుజువు చేసింది. ఇక చెల్లింపులు. 2022 మార్చిలో వచ్చిన యూపీఐ 123పేతో నాలాంటి ఫోను నుంచీ డబ్బు పంపవచ్చు. అయితే ఫోన్ చేసి అంకెలు నొక్కే పద్ధతిలో నేను చేసేది గొంతునూ నొక్కిన అంకెలనూ చేరవేయడమే. లెక్కా డొక్కా అంతా అవతలి కంప్యూటరుది. నేను కొత్తగా నేర్చుకున్నదేమీ లేదు.

నేర్చుకోగలగడం వరమేనా అంటే, దానికీ ఖరీదుంది. పెళ్లి పత్రిక పేరుతో వాట్సాప్‌లో వచ్చే దొంగ ఏపీకే ఫైలు స్మార్ట్‌ఫోనులో దూరి మెసేజీలు చదివేది, బయటివాళ్ల ప్రోగ్రాములకు తలుపు ఉంది కాబట్టే. నాకు ఆ తలుపే లేదు. అలాగని నేను భద్రమని చెప్పను. ఓటీపీ చెప్పమని తియ్యగా అడిగే గొంతు నాలోంచీ వినిపిస్తుంది. ఇంకో ఖరీదు, పని నేర్పినవాళ్లే దాన్ని మాన్పించగలరు. సింబియన్ ఫోన్లకు వాట్సాప్ 2017లో సెలవు చెప్పింది, ఫోన్లు బాగానే ఉన్నా. నా అలారం, నా పాము ఆట 2003లో ఎలా ఉన్నాయో ఇప్పుడూ అలాగే ఉన్నాయి, వాటిని వెనక్కి తీసుకోగలవాళ్లు లేరు. కాల్‌కు మాత్రం నేనూ ఒకరి మీద ఆధారపడ్డదాన్నే. నాకు 2జీ తప్ప మరో నెట్‌వర్కు తెలియదు, జియోలో మొదటి నుంచీ 2జీ లేదు. ఆ సిమ్ నాలో వేస్తే సిగ్నల్ గీతల్లో ఒక్కటి కూడా లేవదు.