ఒక్క ప్లేటు మీద పెళ్లంతా

ఒక పెళ్లికి మూడు వేల ఫొటోలు తీశారట. పెళ్లికొడుకు నాయనమ్మ ముఖం సరిగ్గా పడ్డది ఒక్కటి చూపించమంటే అరగంట ఫోను గీకారు, దొరకలేదు. ఇదీ ఇప్పటి పెళ్లి ఫొటోగ్రఫీ!

నేను ఇంగ్లండులో, లెస్టర్‌లో, ఏళ్ల తరబడి డార్క్‌రూమ్‌లో పనిచేసినవాణ్ణి. మా రోజుల్లో అక్కడి ముసలివాళ్లు తమ అమ్మానాన్నల పెళ్లి ఫొటోలు కాపీ చేయించుకోడానికి తెచ్చేవారు. చాలావరకు 1914 యుద్ధానికి ముందువి. ఒక్కోసారి ఏకంగా గాజు నెగటివే తెచ్చేవారు. పనంటే ఏమిటో వాటిని చూసే తెలుసుకున్నాను.

అప్పటి చిన్న ఊళ్లలో ఫొటోగ్రాఫర్ పెళ్లి తంతుకు అడ్డం పడేవాడు కాదు. చట్టం ప్రకారం మామూలుగా మధ్యాహ్నం మూడింటిలోపే పెళ్లి జరగాలి. 1886కి ముందైతే పన్నెండింటికల్లా ముగించాల్సిందే. అందుకని ఎండ ఉండగానే అందరూ పెళ్లికూతురి ఇంటి తోటలోకి చేరేవారు. ఇంట్లో కుర్చీలు బయటికొచ్చేవి, గడ్డి మీద తివాచీ పరిచేవారు. ఫొటోగ్రాఫర్ దగ్గర స్టాండు మీద చెక్క కెమెరా, లోపల ఒక గాజు ప్లేటు. హాఫ్‌ప్లేటంటే 6½ అంగుళాలకి 4¾. తీసేది ఒకటో రెండో. మరి ఊరికే నొక్కేస్తే ఎలా? ఎవరు కూర్చోవాలి, ఎవరు నిలబడాలి, ఏ టోపీ ఎవరి ముఖాన్ని కప్పేస్తోంది అని ఒక్కొక్కరినీ చూసుకునేవాడు. ఆ టోపీలు మామూలువి కావు మరి, గొడుగులంత ఉండేవి. పేదింటి పెళ్లికూతురు తెల్ల గౌను లేకపోయినా, ఉన్నవాటిలో మంచి బట్టలు కట్టుకుని అంతే నిటారుగా కూర్చునేది.

ఆ రోజుల్లో మామూలు ప్లేటుకి ఎరుపు కనపడదు. ఎర్రగులాబీ నల్లగా, నీలికళ్లు వెలవెలబోతూ పడేవి. ముఖం మీది సన్నమచ్చలు మరీ ముదురుగా తేలేవి. అందుకే రిటచింగ్, అంటే నెగటివ్ మీద దిద్దుబాటు, ఉండేది. ఒకసారి ఒక ప్లేటుని కిటికీ దగ్గర ఏటవాలుగా పట్టుకుని చూశాను. పెళ్లికూతురి కంటి కింద, బుగ్గ మీద సూదిమొనలాంటి పెన్సిల్ గీతలు, ఒకదాని పక్కన ఒకటి వందల్లో! ఎవరో కళ్లు పొడుచుకుని కూర్చుని గీసినవి. అంత చేసినా ఆ పిల్ల ముఖం ఆ పిల్లదే. ఇప్పటి ఫిల్టరు ముక్కు చెక్కుతుంది, రంగు మారుస్తుంది, అక్కాచెల్లెళ్లనీ వదినామరదళ్లనీ ఒక్క మూసలో పోసేస్తుంది. దాన్ని అందం అంటున్నారు, నాకు ఒళ్లు మండుతుంది.

పంచడం కూడా తెలుసు వాళ్లకి. 1902 నుంచి పోస్టుకార్డులో చిరునామా ఉన్న వైపే కబురూ రాయనిచ్చారు. దాంతో రెండో వైపంతా బొమ్మకి మిగిలింది. పెళ్లి ఫొటోని కార్డు మీదే ముద్రించి అర పెన్నీ తపాలా బిళ్లతో చుట్టాలకి పంపేవారు. యుద్ధం వచ్చాక ఖాకీ బట్టల్లో పెళ్లికొడుకులు కనిపిస్తారు. వాళ్లలో తిరిగిరానివాళ్లున్నారు. ఆ ఇళ్లలో మిగిలింది ఆ కార్డే.

నెగటివ్‌లకి నంబరు వేసి, వరసగా దాచేవారు. పాత గాజు ప్లేట్లు దండగని పారేసిన ప్రబుద్ధులూ ఉన్నారు, కాదనను. కానీ లూయిస్ అనే ఊళ్లో 1855లో పెట్టిన రీవ్స్ స్టూడియోవాళ్లు తరతరాల గాజు ప్లేట్లని అలాగే కాపాడుకుంటూ వచ్చారు. మీ పెళ్లి పెన్‌డ్రైవ్ ఏ డ్రాయర్లో ఉందో ఇప్పుడే చెప్పండి చూద్దాం.

కాబట్టి పెళ్లి చేస్తున్నవాళ్లకి ఒకటే మాట. తాళి కట్టే వేళ పీటల ముందు నిలబడి చుట్టాలకి అడ్డం రావద్దని కెమెరా అబ్బాయికి చెప్పండి. భోజనాలకి ముందు పావుగంట అందరినీ కూర్చోబెట్టి ఒక్క గ్రూపు ఫొటో తీయించండి. దాన్ని కాగితం మీద వేయించి, వెనక మెత్తటి పెన్సిల్‌తో వరసవారీగా పేర్లు రాయండి. బాల్‌పెన్ను మాత్రం వద్దు, నొక్కు ఇవతలికి కనిపిస్తుంది.