ఏడో నెల దురదకు ఎవరెవరో చెప్పే వైద్యాలు

కడుపుతో ఉన్న అమ్మాయి కింద దురదగా ఉందని చెప్పగానే ఇంట్లో మొదట వినపడే మాట ‘వేడి చేసిందమ్మా’. వెంటనే సబ్జా గింజలు నానతాయి, బార్లీ కాగుతుంది, గ్లాసులో మజ్జిగ వస్తుంది. ఇవి తాగితే నష్టం లేదు. తాగుతూ రెండు వారాలు ఊరుకోవడంతోనే నష్టం. ఆ దురదకు కారణం చాలావరకు కాండిడా అనే ఈస్ట్, అంటే ఒక రకం ఫంగస్. ఎంతోమంది ఆడవాళ్లకు యోనిలో అది ఎప్పుడూ కాస్తో కూస్తో ఉంటుంది. గర్భంలో ఈస్ట్రోజెన్ పెరిగేసరికి అక్కడి కణాల్లో గ్లైకోజెన్ చేరి, ఈస్ట్ పెరగడానికి అనువవుతుంది. శుభ్రత లేనివాళ్లకే ఇది వస్తుందనే మాట ఎంత అన్యాయమో దీన్నిబట్టే తెలుస్తుంది.

తెల్లబట్ట కనిపిస్తే చాలు, ఎముకలు కరిగిపోతున్నాయని భయపెట్టే పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు. ఎముకలకీ దానికీ ఏ సంబంధమూ లేదు. గర్భిణికి పల్చగా, పాలరంగులో, దురద లేకుండా అయ్యే తెల్లబట్ట మామూలే. ఈస్ట్ అయితే విరిగిన పెరుగు ముక్కల్లా చిక్కగా అవుతుంది, దురదా మంటా ఉంటాయి, వాసన పెద్దగా ఉండదు. బూడిదరంగులో చేపల వాసన వస్తే బ్యాక్టీరియా వల్ల కావచ్చు. పసుపుపచ్చగా, నురగగా ఉంటే ట్రైకోమోనాస్ కావచ్చు. మూడింటికీ మందులు వేరు. డాక్టరు దూదిపుల్లతో కాస్త తీసి పరీక్ష చేయిస్తే ఏదో తేలిపోతుంది. పక్కింటావిడకు తగ్గిన మందు మీకు పనిచేస్తుందన్న నమ్మకం లేనిది ఇందుకే.

ఇక కడగడం. డెటాల్ నీళ్లు, పటిక నీళ్లు, అత్తగారు అభిమానంతో కాచి ఇచ్చిన వేపాకు నీళ్లు. యోనిలో ఉండే లాక్టోబాసిల్లస్ అనే మేలు చేసే బ్యాక్టీరియా అక్కడ పులుపు తగ్గకుండా కాపాడుతుంది. లోపల కడిగితే ముందు పోయేది అదే. గర్భంతో ఉన్నప్పుడు లోపలికి నీళ్లు కొట్టడం ఎప్పుడూ చేయకూడదు. కొందరు చెప్పినట్టు లోపల వెల్లుల్లి రెబ్బ పెడితే సున్నితమైన చర్మం కాలినట్టు అవుతుంది. పైన మాత్రం మామూలు నీళ్లతో, ముందు నుంచి వెనక్కి కడుక్కుంటే చాలు.

అన్నిటికంటే నన్ను భయపెట్టేది మందుల షాపు వైద్యం. భార్య సిగ్గుపడి భర్తను పంపుతుంది. అతను కౌంటరు దగ్గర మిగతావాళ్లు వెళ్లేదాకా ఆగి, గొంతు తగ్గించి ‘మా ఇంట్లో వాళ్లకి దురదండీ’ అంటాడు. ఆమె కడుపుతో ఉందని అతను చెప్పడు, షాపతను అడగడు. చేతికి ఫ్లూకోనజోల్ 150 మిల్లీగ్రాముల మాత్రో, రెండు మూడు రకాల మాత్రలు కలిపిన కిట్టో వస్తుంది. నోటితో వేసుకునే ఈ ఫ్లూకోనజోల్‌ను గర్భిణులు డాక్టరు చెప్పకుండా వాడకూడదు. ఇది వేసుకున్నవారిలో గర్భస్రావాలు ఎక్కువగా కనిపించాయని 2016లో డెన్మార్క్ అధ్యయనం ఒకటి తేల్చింది. అదే ఏడాది అమెరికా ఔషధ సంస్థ కూడా హెచ్చరించింది. ఇప్పటికే ఒకటి వేసుకున్నవాళ్లు బెంబేలెత్తిపోవద్దు. ఆ విషయం డాక్టరుకు చెప్పండి. స్టెరాయిడ్ కలిసిన ట్యూబూ ఇలాగే ఇంటికొస్తుంది. రాసిన రోజే దురద తగ్గుతుంది, ఆ చాటున ఫంగస్ పెరుగుతుంది.

గర్భిణికి సరైన వైద్యం చాలా మామూలుగా ఉంటుంది. క్లోట్రిమజోల్ లాంటి మందు, పడుకునే ముందు లోపల పెట్టుకునే మాత్రగానో క్రీముగానో, డాక్టరు రాసిచ్చినట్టు 7 రాత్రులు. ఒక్క రోజో మూడు రోజులో చేసే వైద్యం గర్భిణికి చాలదు. అయినా మూడో రాత్రికి దురద తగ్గగానే చాలామంది ఆపేస్తారు, మళ్లీ మొదటికొస్తుంది. మాత్ర బిడ్డకు తగులుతుందేమోనని భయపడేవాళ్లకు ఒక మాట: గర్భాశయ ముఖద్వారం మూసుకుని, జిగురు బిరడాతో భద్రంగా ఉంటుంది. చేతులు కడుక్కుని వేలితో మెల్లగా పెట్టుకోండి. గొట్టం ఇస్తే గట్టిగా నెట్టకండి.

తగ్గి మళ్లీ మళ్లీ వస్తుంటే షుగరు చూపించుకోవాలి. 75 గ్రాముల గ్లూకోజు తాగించి, రెండు గంటల తర్వాత రక్తం తీస్తారు. 140 లేదా ఆపైన వస్తే గర్భంలో వచ్చే మధుమేహం కింద చూస్తారు. ప్రతినెలా 9న ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ఉచిత పరీక్షలుంటాయి, ఈ మాట అక్కడే అడగొచ్చు.

ఈస్ట్ వచ్చిందని భర్తను అనుమానించడం, భార్యను నిలదీయడం రెండూ తప్పే. దీన్ని సుఖవ్యాధిగా లెక్కించరు. భర్తకు దురద లేకపోతే సాధారణంగా మందు అక్కర్లేదు. ఇక బట్టలు. లోదుస్తులు ఎవరికీ కనపడకూడదని తువ్వాలు కింద, నీడలో చెమ్మగానే ఆరేసే అలవాటు మానండి. నూలువి, వదులువి వేసుకుని ఎండలో ఆరేయండి.

దురద సంగతి ఎలా ఉన్నా, నీళ్లలా కారుతున్నా, రక్తం కనిపించినా, జ్వరమో పొత్తికడుపు నొప్పో వచ్చినా ఈస్టే అనుకుని తెల్లారేదాకా ఆగకండి. ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్లండి.