కబేళా కోరుతూ ఒక పొట్టేలు పెట్టుకున్న అర్జీ

గౌరవనీయులైన అధికారి గారికి,
(ఏ శాఖ అధికారో రాయలేదు. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.)

విషయం: జీవాలను కోయడానికి మండల కేంద్రాల్లో చిన్న కబేళాలు కట్టించమని విన్నపం.
సూచిక: జంతువులపై క్రూరత్వ నివారణ (కబేళాల) నిబంధనలు, 2001.

అయ్యా,

నేనొక పొట్టేలును. ప్రాణభిక్ష అడుగుతున్నానని కంగారు పడకండి. తెలంగాణలో పదిహేనేళ్లు దాటినవాళ్లలో నూటికి 98.7 మంది మాంసం తింటారని 2014 నాటి కేంద్ర సర్వేలో తేలినప్పుడే మా జాతి ఆ ఆశ వదిలేసుకుంది. పోవడం గురించి పేచీ లేదు. పోయే చోటు గురించే ఈ అర్జీ.

ముందు మా వంశం సంగతి. 2017 జూన్ 20న కొండపాకలో నాటి ముఖ్యమంత్రి గొర్రెల పంపిణీ ప్రారంభించారు. యూనిట్‌కు 20 గొర్రెలు, ఒక పొట్టేలు. ధర లక్షా పాతిక వేలు, అందులో 75 శాతం సబ్సిడీ. అలాంటి ఒక యూనిట్‌లోని ఆ ఒక్క పొట్టేలు మా ముత్తాత. పక్క రాష్ట్రం నుంచి లారీలో వచ్చాడు. చెవికి పోగేశారు, బీమా చేశారు, పక్కన నిలబడి ఫొటోలు దిగారు. 2012 పశుగణనలో తెలంగాణ గొర్రెలు కోటీ 28 లక్షలు. 2019కి కోటీ 91 లక్షలయ్యాయి. ఆ లెక్కలో దేశంలో మాదే మొదటి స్థానం. ఆ పథకంలో కొన్ని గొర్రెలు కాగితాల మీదే మేశాయన్న ఆరోపణలపై ఏసీబీ తర్వాత కేసు పెట్టింది. కాగితం గొర్రెలకు కబేళా అక్కర్లేదు, వాటిని కోసే పద్ధతి వేరు. నేను ఒంటి మీద ఉన్ని ఉన్న గొర్రెల తరఫున మాట్లాడుతున్నాను.

మమ్మల్ని పంచింది పశుసంవర్ధక శాఖ. కోసే చోటు పట్నంలో మున్సిపాలిటీది, పల్లెలో పంచాయతీది. నెత్తురు పారే మోరీ కాలుష్య నియంత్రణ మండలిది. మాంసం మీద వాలే ఈగ ఆహార భద్రత వాళ్ల లెక్కలోకి వస్తుంది. మంచి మాంసమని ముద్ర వేయాల్సింది పశువైద్యుడు. మా రాకకు ముఖ్యమంత్రే స్వయంగా వచ్చారు. మా పోకకు ఇన్ని ఆఫీసులున్నా ఒక్క గుమాస్తా కూడా రాడు. అందుకే పైన శాఖ పేరు ఖాళీగా వదిలాను. ఎవరు ఒప్పుకుంటే వారే రాసుకోగలరు.

సూచికలో చెప్పిన నిబంధనలు మా మందలో అందరికీ కంఠతా వచ్చు. మున్సిపాలిటీ హద్దుల్లో గుర్తింపు ఉన్న కబేళాలో తప్ప కోయకూడదు. సూడి గొర్రెను కోయకూడదు. డాక్టరు పరీక్షించాక 24 గంటలు విశ్రాంతి ఇవ్వాలి. ఒక జీవాన్ని మరో జీవం కళ్లెదుట కోయకూడదు. ఒక డాక్టరు గంటకు 12 జీవాలను, రోజుకు 96 జీవాలను మించి చూడకూడదు. చదువుతుంటే కడుపు నిండిపోతుంది సార్, ఇంక గడ్డి కూడా అక్కర్లేదు.

ఇక జరిగేది వినండి. ఆదివారం తెల్లవారుజామున బస్టాండు పక్క దుకాణం ముందు కరెంటు స్తంభానికి కట్టేస్తారు. నా ముందువాణ్ణి ఎలా కోశారో నేను చూస్తాను, నన్నెలా కోస్తారో నా వెనకవాడు చూస్తాడు. 24 గంటల విశ్రాంతి 24 నిమిషాలైనా దక్కదు. వారంలో యాటలు ఎక్కువగా తెగే రోజు ఆదివారం. డాక్టరు గారి సెలవు రోజు కూడా ఆదివారమే. బోనాలకు, దసరాకు, బక్రీదుకు ఇక చెప్పక్కర్లేదు.

గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందని తరతరాలుగా మమ్మల్ని ఎగతాళి చేస్తున్నారు. ముద్ర లేని మాంసాన్ని కిలోకు వందలు పోసి, వరసలో నిలబడి మరీ కొంటున్నవాళ్లు నమ్ముతున్నది ఎవరిని? కళ్లముందు కోశాడు కాబట్టి తాజా మాంసమని మీ ధీమా. మాంసం తాజాదే కావచ్చు, కానీ జబ్బు కూడా తాజాగానే ఉంటుంది. 2021లో వరంగల్ జిల్లా దుగ్గొండి మండలంలో దొమ్మ రోగంతో (ఆంత్రాక్స్) గొర్రెలు చనిపోయాయి. ఆ రోగమొచ్చిన కళేబరాన్ని అసలు కోయనే కూడదు, కోసిన మనిషికీ అంటుకుంటుంది. కోయకముందు నిలబెట్టి చూసే డాక్టరు ఉంటే ఆ ముప్పు గేటు దగ్గరే ఆగుతుంది.

కుక్కల సంగతి ఇంకా విచిత్రం. మా కార్జంలో, ఊపిరితిత్తుల్లో ఒక్కోసారి నీటి తిత్తులుంటాయి. దుకాణదారు వాటిని కోసి వెనక్కి విసురుతాడు. కుక్క తింటుంది. దాని పేగుల్లో బద్దెపురుగు పెరుగుతుంది. గుడ్లు పెంటలోంచి గడ్డి మీదికి చేరతాయి, అదే గడ్డి మా పిల్లలు మేస్తాయి, మళ్లీ తిత్తులు. మధ్యలో ఆ కుక్కను నిమిరిన పిల్లవాడి కార్జంలోనూ మొలవచ్చు. పారేసే భాగాలను గోతిలో పూడ్చినా, కాల్చినా ఈ గొలుసు తెగిపోతుంది. కబేళాలో కోశాక చేసే పరీక్షంటే తినేవాడి ఆరోగ్యం కోసమే అనుకుంటారు. ఏ ఊరి మందకు ఏ రోగముందో కాపరికి కబురందించేది కూడా అదే. ఇప్పుడు ఆ కబురు కుక్కల నోట్లోకి పోతోంది.

మా కాపరి గురించి ఒక్క మాట. పెబ్బేరు సంతలో నా నడుము మీద చేయి వేసి, తువాలు చాటున వేళ్లు నొక్కి బేరం ముగించారు. కాటా లేదు. ముప్పై కిలోల పొట్టేలుకు ఎముకతో కలిపి పద్నాలుగు కిలోల దాకా మాంసం పడుతుంది. తలకాయ, కాళ్లు, బోటి, తోలు వేరు. అందులో కాపరి వాటా ఎంతో కాటానే లేని చోట ఎవరు లెక్క చెబుతారు? దళారి సగం డబ్బు ఉద్దర పెట్టి, మాలో చాలామందిని రాత్రికి రాత్రి లారీలో హైదరాబాద్‌లోని జియాగూడకు తోలుకుపోతాడు. దారిలో తగ్గే మా బరువు కూడా కాపరి ధరలోంచే కోత పడుతుంది. కరువొచ్చినా రోగమొచ్చినా మంద మొత్తం ఒక్కసారే అమ్మకానికి వస్తుంది. అప్పుడు దళారి ఒక్కడే కొనేవాడు, వాడు చెప్పిందే ధర. కబేళా పక్కనే ఉంటే కాపరి తూకానికి అమ్ముకుంటాడు, నచ్చకపోతే నలుగురితో కలిసి కోయించి మాంసమే అమ్ముకుంటాడు. తోళ్లు, పేగులు ఒకే చోట పోగైతే వాటికీ కొనేవాడు దొరుకుతాడు. పది దుకాణాల వెనక పడేస్తే అది చెత్తే.

ఎలా కట్టి నడపాలో తెలియదంటారా? హైదరాబాద్ దగ్గరి రుద్రారంలో 1990ల నుంచే గల్ఫ్ దేశాలకు మాంసం పంపే కబేళా నడుస్తోంది. హైదరాబాద్ శివారు చెంగిచర్లలో జాతీయ స్థాయి మాంస పరిశోధన కేంద్రం ఉంది. అంటే ఈ విద్య మనకు తెలియనిది కాదు. దుబాయిలో తినేవాడికి దక్కిన పరీక్ష దేవరకద్రలో తినేవాడికి దక్కలేదు, అంతే.

అలాగని ఊరి బయట నలభై ఎకరాల్లో మెగా కబేళా కట్టి ఒక కాంట్రాక్టరు చేతిలో పెట్టొద్దు. అలా చేస్తే కసాయి పనే వృత్తిగా ఉన్న ఆరెకటికల బతుకు, ఖురేషీల బతుకు రోడ్డున పడుతుంది, వాళ్లు కోర్టుకెళతారు, మీరు ఊపిరి పీల్చుకుంటారు, మేము మళ్లీ కరెంటు స్తంభం దగ్గరికే చేరతాం. ఆహార భద్రత నిబంధనల ప్రకారం రోజుకు పది జీవాల దాకా కోసే చోటుకు పెద్ద లైసెన్సు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ సరిపోతుంది. చట్టమే చిన్నదానికి తలుపు తీసి పెట్టింది, కట్టేవాళ్లే లేరు. మా వీధిలో కబేళా వద్దంటూ ధర్నా చేసేవాళ్లకు ఒకే ప్రశ్న: ఇప్పుడు మీ వీధిలో ఉన్నది ఏమిటి?

కనుక మనవి చేసేదేమంటే: మండల కేంద్రానికొక చిన్న కబేళా, అందులో కడిగితే శుభ్రపడే నేల, నీళ్లు, ఒక చల్లని గది, ఒక కాటా. నడిపే బాధ్యత అక్కడి కసాయిలకే, కాపరుల సంఘంతో కలిపి ఇవ్వండి. డాక్టరు గారి సెలవు ఆదివారం నుంచి సోమవారానికి మార్చండి. ముఖ్యంగా, ఈ ఫైలు ఎవరిదో ఒక జీవో ఇవ్వండి. పథకాల్లో 21 జీవాల వరకు లెక్క పెట్టగలిగిన ప్రభుత్వానికి ఒక్క శాఖను లెక్క పెట్టడం కష్టం కాదు.

ఇట్లు,
తమ విధేయుడు,
చెవి పోగు ఊడిపోయిన ఒక పొట్టేలు

ప్రతులు: పశుసంవర్ధక శాఖకు, మున్సిపల్ శాఖకు, పంచాయతీరాజ్ శాఖకు, ఆహార భద్రత అధికారికి, కాలుష్య నియంత్రణ మండలికి తగు చర్య నిమిత్తం.
బస్టాండు కుక్కలకు సమాచారం నిమిత్తం. ఇన్నాళ్లూ పరీక్ష జరిపిన శాఖ అదొక్కటే.