పదకొండు ప్రభలు, ఎనిమిది చోట్లు

తొంభైల్లో అమలాపురంలో పెరిగిన మా బ్యాచ్‌లో అసలు నింటెండో పెట్టెని కళ్లారా చూసినవాడు ఒక్కడూ లేడు. జపాన్‌లో 1983లో ఫామికామ్ విడుదలైతే, దాని నమూనాలో తయారైన మీడియా, లిటిల్ మాస్టర్, టెర్మినేటర్ సెట్లు ఎప్పటికో వేసవి సెలవుల్లో మా వీధికి దిగాయి. క్యాసెట్ మీద 9999999 ఇన్ 1 అని రాసి ఉండేది. అంటే ఒకటి తక్కువ కోటి ఆటలు! లిస్టులో కిందకి వెళ్లేకొద్దీ అదే కాంట్రా, అదే మారియో, అవే ట్యాంకులు పేర్లు మార్చుకుని మళ్లీ మళ్లీ ఎదురొచ్చేవి. అయినా ఎవరమూ ఏమీ అనుకోలేదు. ఎన్నికలప్పుడు లిస్టు చూసి కూడా ఏమీ అనుకోం కదా.

ఈ మధ్య అటక మీద దొరికితే ఆ క్యాసెట్ విప్పాను. అంత డబ్బాలో వేలెడు బోర్డు, దాని మధ్య గట్టిపడిన నల్లటి ఎపాక్సీ చుక్క. కోటి ఆటలూ ఆ చుక్క కిందే. దాన్ని మార్చడానికి లేదు, గీకితే ప్రాణం పోతుంది. అప్పుడే బుర్రలో పురుగు తొలిచింది: క్యాసెట్ మనమే ఎందుకు చెయ్యకూడదు?

సూపర్ మారియో మొత్తం ఎంత ఉంటుందనుకున్నారు? 40 కేబీ. ప్రోగ్రాముకి 32, బొమ్మలకి 8. మా బావమరిది పొద్దున్నే వాట్సాప్‌లో పంపే గులాబీపువ్వు శుభోదయం దీనికి రెండింతలు తూగుతుంది. కాబట్టి 27సి256 చిప్పు ఒకటి, 27సి64 ఒకటి ఉంటే చాలు. ఇవి కొత్తవి దొరకడం కష్టం, పాత యంత్రాల్లోంచి పీకినవే ఎక్కువగా వస్తాయి. లోపల ఎవరిదో పాత రాత ఉంటుంది. నెత్తిన చిన్న గాజు కిటికీ ఉంటుంది, అందులోంచి అతినీలలోహిత కిరణాలు పడితే ఆ రాత చెరిగిపోతుంది. దానికి ప్రత్యేకంగా దీపం అమ్ముతారు, 20 నిమిషాల పని. డబ్బులు దండగని డేటాషీట్ తిరగేస్తే, నేరుగా ఎండలో పెడితే సుమారు వారం అని కనపడింది. వైశాఖంలో మా డాబా మీద ఒక్కసారి చెప్పుల్లేకుండా నిలబడి ఉంటే ఆ రాసినాయన ‘సుమారు’ అనేవాడు కాదు.

స్టీలు పళ్లెంలో చిప్పులు పెట్టి, మామిడి తాండ్ర చాప పక్కన పెట్టాను. అమ్మ చూసింది.

“ఇవేంట్రా?”

“చిప్పులమ్మా. వారం ఎండాలి.”

“ఎండితే ఏమవుద్ది?”

“లోపలున్నదంతా పోద్ది.”

“పోగొట్టుకోడానికి ఎండబెట్టేవాణ్ణి నిన్నే చూస్తున్నా” అని దిగిపోయింది గానీ, కన్నతల్లి కదా, ఊరుకోలేదు. రెండు పక్కలా సమంగా ఎండాలని రోజూ మిట్టమధ్యాహ్నం వాటిని తిరగేసేది. కిటికీ ఉన్నది ఒక్క పక్కే. వారం అనుకున్న ఎండ పక్షం దాకా సాగింది. ఈలోగా తాండ్ర మాత్రం భేషుగ్గా కుదిరింది.

ఇక అందులో ఏం రాయాలి? మారియోని నకలు తీసి అమ్ముకుంటే 1957 నాటి కాపీరైట్ చట్టం ఊరుకోదు. అయితే ఈ పాత పెట్టెలకి కొత్తగా ఆటలు రాసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. జర్మనీలో మార్ఫ్‌క్యాట్ గేమ్స్ వాళ్లు 2019లో మైక్రో మేజెస్ (అంటే బుల్లి మంత్రగాళ్లు) అని నలుగురు కలిసి ఆడే ఆటని సరిగ్గా ఆ 40 కేబీలోనే ఇరికించారు. వాళ్ల మంత్రగాళ్లు వాళ్లకుంటే, మన ప్రభలు మనకున్నాయి!

కనుమ నాడు మా దగ్గరి జగ్గన్నతోట తీర్థానికి పదకొండు ఊళ్ల నుంచి ఏకాదశ రుద్రులు, జనం భుజాన మోసే ప్రభల మీద వస్తారు. 2023 గణతంత్ర దినోత్సవానికి ఢిల్లీలో మన రాష్ట్ర శకటం ఆ ప్రభల తీర్థమే. అంతటిది నా క్యాసెట్‌లో పట్టదా అనుకున్నాను. గుణకారం కూడా రాని 6502 ప్రాసెసర్‌తో రాత్రిళ్లు కుస్తీ పట్టి, ఒక్కో ప్రభనీ 8 చుక్కల వెడల్పు, 16 చుక్కల ఎత్తున గీశాను. పెట్టె మూడేసి రంగులే ఇస్తుంది. సర్దుకున్నాను. తోటలో పదకొండూ వరసగా నిలబెట్టి చూస్తే, ఎనిమిదే ఉన్నాయి.

ఈ పెట్టె కట్టడమే అంత. కదిలే బొమ్మలు మొత్తం మీద 64 పడతాయి గానీ, తెర మీద ఒక అడ్డగీతలో ఎనిమిదికి మించి చూపించదు. తొమ్మిదోది వచ్చిందంటే కళ్లు మూసుకుంటుంది. వెనక తెరలో గీసేస్తే ఎన్నైనా పడతాయని కాకినాడ నుంచి ఒక ఇంజినీరు మిత్రుడు సలహా ఇచ్చాడు. కదలకుండా గోడకి అంటుకున్నది ప్రభ ఎలా అవుతుంది? పాతకాలం వాళ్ల చిట్కా ఒకటుంది: ఫ్రేము ఫ్రేముకీ వరస మార్చడం. ఒకసారి ఈ మూడూ మాయమైతే ఇంకోసారి ఆ మూడు. సెకనుకి 50 ఫ్రేములు కనక కంటికి అన్నీ ఉన్నట్టే ఉంటాయి, కాస్త మినుకుమంటాయంతే.

“మాది మినుకుమనడానికి వీల్లేదు” అన్నాడు బావ. ఆయనది వ్యాఘ్రేశ్వరం. “తీర్థానికి పెద్ద మా స్వామే. ఆయనొచ్చాకే కార్యక్రమం.” న్యాయమే. వ్యాఘ్రేశ్వరానికి మొదటి చోటు ఖాయం చేసి, మిగిలిన ఏడు చోట్లని పదూళ్లకి వంతులేశాను. పది ఫ్రేముల్లో ప్రతి ఊరికీ ఏడు. పంచాయతీ రిజర్వేషన్లు కూడా ఇంత నిక్కచ్చిగా వెయ్యరు.

బోర్డు 1.2 మిల్లీమీటర్ల మందం ఉండాలి, మామూలుగా వచ్చే 1.6ది దిగదు. సోల్డరింగుకి సెల్ షాపు కుర్రాడి దగ్గరికి వెళ్లాను. ఫోన్లలో ఆవగింజంత ఐసీలు మార్చే చెయ్యి అతనిది. నా చిప్పు చూసి నవ్వాడు. “ఇన్ని కాళ్లేంటండీ బాబూ! ఐసీయా, జెర్రా?” టీ చల్లారేలోగా అతికించి ఇచ్చాడు, డబ్బులు తీసుకోలేదు. గంగలకుర్రు ప్రభకి ఆకుపచ్చ వెయ్యమన్నాడు.

భోగి సాయంత్రం చుట్టాలందరి ముందూ పెట్టాం. బావ కొత్త క్యాసెట్‌ని పెట్టేముందు ఉఫ్ ఉఫ్ అని రెండుసార్లు ఊదాడు. ఊదితే తడికి పిన్నులు తుప్పు పడతాయి, నింటెండో వాళ్లే ఊదొద్దన్నారు. చిన్నప్పటి అలవాటు, ఎవరు మానిపిస్తారు? పదకొండు ప్రభలూ మెరుస్తూ వచ్చాయి. రిమోటు మావయ్య చేతికిచ్చాను. ఆయనది గంగలకుర్రు. వాళ్ల ప్రభ కౌశిక కాలవలోంచి దిగి రావాలి. ఆటలో కష్టమంతా అక్కడే పెట్టాను. మావయ్య బటన్ నొక్కాడు, ప్రభ ఒరిగింది, నీళ్లలో పడింది, గేమ్ ఓవర్ అని వచ్చింది.

గదిలో ఎవరూ మాట్లాడలేదు.

“మా ప్రభ కాలవలో పడ్డం ఎప్పుడైనా చూశావా?” అన్నాడు మావయ్య.

“లేదు మావయ్యా. ఆట కదా, ఓడిపోవడం కూడా...”

“ఓడిపోవడం ఏంటి? మోసేవాళ్లని తక్కువ పెట్టావు. ఇంకో పాతికమందిని వెయ్యి.”

“ఒక గీతలో ఎనిమిదిమందే పడతారు మావయ్యా.”

“ఆయ్, అయితే పెద్ద టీవీ కొనుక్కో!”